ఇంట్లోని పాత తెలుగు పుస్తకాలను స్కాన్ చేసి భద్రపరచడం: ఎక్కడ మొదలుపెట్టాలి?

కృష్ణాతీరం:

అందరికీ నమస్కారం. తెనాలిలోని మా ఇంట్లో తాతగారు సేకరించిన తెలుగు పుస్తకాలు సుమారు ఆరు వందలు ఉన్నాయి. 1920ల నాటి సటీక కావ్యాలు, స్వాతంత్ర్యోద్యమ కాలపు చిన్న పుస్తకాలు, 1950, 60 దశకాల్లో విజయవాడ నుండీ మదరాసు నుండీ వెలువడిన నవలలు, పత్రికల విడి సంచికలు, కొన్ని ఆయుర్వేద గ్రంథాలు అందులో కలగలిసి ఉన్నాయి. కొన్నింటి కాగితం పుట తిప్పుతుండగానే అంచుల దగ్గర రాలిపోతోంది. వీటన్నింటినీ బయటివారికి అప్పగించకుండా ఇంట్లోనే స్కాన్ చేయాలని మా కుటుంబం అనుకుంటోంది. ఏ పరికరం తగినది, ఎన్ని డీపీఐలో (అంగుళానికి ఎన్ని బిందువులతో) తీయాలి, బైండింగు విప్పకుండా పని జరుగుతుందా, తీసిన పుటల్లో మాటలు వెతుక్కోవడానికి వీలుంటుందా, చివరకు ఈ ఫైళ్లను ఇతరులతో పంచుకోవచ్చా అన్నవి నా సందేహాలు. ఈ పని చేసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

పాతబీరువా:

కృష్ణాతీరం గారూ, పరికరం గురించి ఆలోచించే ముందు పుస్తకాల పట్టిక తయారుచేయండి. ఇది వాయిదా వేయదగిన పని కాదు. గ్రంథనామం, రచయిత, ప్రచురణకర్త, ముద్రణాలయం, ఊరు, సంవత్సరం, ఎన్నో ముద్రణ, పుటల సంఖ్య, వెల, పుస్తకం ప్రస్తుత స్థితి అనే గడులతో ఒక స్ప్రెడ్‌షీటు తెరిచి, ప్రతి పుస్తకానికీ ఒక వరుస కేటాయించి, అన్నీ తెలుగు లిపిలోనే నింపండి. ఇంట్లోవారు ఇద్దరు కూర్చుంటే, ఒకరు చదువుతూ మరొకరు నమోదు చేస్తూ, వేగంగానే పూర్తవుతుంది. స్కానింగు ఏ కారణంచేత మధ్యలో ఆగినా ఈ పట్టిక మాత్రం నిలుస్తుంది. ఏ పుస్తకం ఎవరి దగ్గర ఉందో తెలియకపోవడమే తెలుగు పరిశోధకులకు ఎదురయ్యే పెద్ద కష్టం.

పట్టిక పూర్తయ్యాక, అందులో ఏ పుస్తకాలు ఇప్పటికే అంతర్జాలంలో ఉన్నాయో వెతకాలి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం కింద హైదరాబాదు ట్రిపుల్ ఐటీ వంటి కేంద్రాల్లో వేలాది తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. ఆ వెబ్‌సైటు తర్వాత ఆగిపోయినా, అందులోని పుస్తకాలు చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతున్నాయి. అయితే అక్కడ పేర్లు ఎక్కువగా రోమన్ లిపిలో, ఒక్కొక్కచోట ఒక్కొక్క వర్ణక్రమంతో ఉండడం వల్ల ఒకసారి వెతికి దొరకలేదని వదిలేయకూడదు. దీర్ఘాలను ఒక అక్షరంతోనూ రెండక్షరాలతోనూ, 'శ'ను రెండు మూడు విధాలుగానూ రాసి చూడాలి. రచయిత ఇంటిపేరుతో ఒకసారి, అసలు పేరుతో ఒకసారి వెతకాలి. తెలుగు వికీపీడియా సభ్యులు ఈ పుస్తకాలకు తెలుగు లిపిలో జాబితాలు తయారుచేసి ఉంచారు; అవి చాలా శ్రమను తగ్గిస్తాయి. పాత పత్రికల విషయంలో ప్రెస్ అకాడెమీ డిజిటైజ్ చేయించిన సంచికలను కూడా చూడండి.

ఇలా వడపోస్తే మీ ఆరు వందల్లో ఎక్కడా దొరకనివి ఎన్నో తేలుతుంది. మొదటి విడత పని వాటితోనే. బాగా ప్రచారం పొందిన కావ్యాలు, నవలలు ఎక్కడో ఒకచోట ఉండి తీరుతాయి. చిన్న ఊళ్ల ముద్రణాలయాల్లో అచ్చయిన శతకాలు, స్థలపురాణాలు, సంఘాల నివేదికలు, పెళ్లిళ్లకు పంచిపెట్టిన పాటల పుస్తకాలు, రైతు ఉద్యమాల కరపత్రాలు మాత్రం మీ ఇంట్లోని ప్రతితోనే అంతరించిపోయే అవకాశం ఉంది. వాటి పుటలు పదహారో ముప్పైరెండో ఉంటాయి కాబట్టి పని తొందరగా తెములుతుంది కూడా.

కృష్ణాతీరం:

పాతబీరువా గారూ, కృతజ్ఞతలు. ఈ కోణం మాకు తట్టలేదు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఇప్పటికే ఉన్న పుస్తకాన్ని మళ్లీ స్కాన్ చేయడం వృథా శ్రమ అవుతుందా? ఒకటి రెండు చూశాను. పుటలు వంకరగా ఉన్నాయి, కొన్నిచోట్ల అక్షరాలు అలికినట్టు ఉన్నాయి.

పాతబీరువా:

ఉన్నంత మాత్రాన సరిపోదు, తెరిచి పుటలన్నీ తిప్పి చూడాలి. డిజిటల్ లైబ్రరీ పథకంలో పుటలను 600 డీపీఐలోనే తీసినా, ఫైళ్ల పరిమాణం తగ్గడానికి కేవలం నలుపు తెలుపులుగా భద్రపరిచారు. బూడిదరంగు ఛాయలు లేకపోవడం వల్ల మరకపడిన కాగితం మీద అక్షరమూ మరకా కలిసిపోయాయి, ఫొటోలు నల్లని ముద్దలయ్యాయి. తెలుగు లిపికి ఇది మరీ నష్టం. 'ధ'కూ 'థ'కూ తేడా లోపలి చుక్క ఒక్కటే. ఆ చుక్క పూడిపోతే పాఠమే మారుతుంది. ముఖపత్రం లేకపోవడం, నడుమ పుటలు జారిపోవడం, ఒకే పుట రెండుసార్లు రావడం కూడా అక్కడక్కడ కనిపిస్తాయి. లోపమున్న స్కాన్‌కు మీ ప్రతి బదులు కాగలిగితే, లేక మీది వేరే ముద్రణ అయితే, ఆ శ్రమ సార్థకమే.

దీపస్తంభం:

పరికరం విషయానికి వస్తాను. మామూలు ఫ్లాట్‌బెడ్ స్కానరు విడి కాగితాలకు, సన్నని కరపత్రాలకు, ముఖచిత్రాలకు చక్కగా ఉపయోగపడుతుంది. లావైన పుస్తకాన్ని దానిమీద బోర్లించి నొక్కితే మాత్రం వెన్ను విరుగుతుంది, గట్టు (రెండు పుటలు కలిసే చోటు) దగ్గరి అక్షరాలు నీడలో పడి వంగిపోతాయి. అందువల్ల పాత పుస్తకాలకు పైనుండి ఫొటో తీసే పద్ధతే మేలు.

ఫోను కెమెరా చాలదని చాలామంది అనుకుంటారు. లెక్క వేసి చూద్దాం. డెమీ సైజు పుస్తకం పుట సుమారు ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళాల ఎత్తు ఉంటుంది. రెండు పుటలు తెరిచి పరిస్తే 11 అంగుళాల వెడల్పు అవుతుంది. 12 మెగాపిక్సెళ్ల కెమెరా 4000 అడ్డం, 3000 నిలువు బిందువుల బొమ్మ తీస్తుంది. ఎత్తు ప్రకారం చూస్తే 3000ను ఎనిమిదిన్నరతో భాగించగా 350 పైచిలుకు డీపీఐ వస్తుంది. చుట్టూ కొంత అంచు వదిలినా 300కు తగ్గదు. అంతకంటే చిన్నదైన క్రౌన్ సైజు పుస్తకమైతే ఇంకా మెరుగు. ఒక్కొక్క పుటనూ విడిగా తీస్తే అంతకంటే స్పష్టంగా వస్తుంది. అంటే సమస్య బిందువుల సంఖ్యలో లేదు, వెలుతురులోనూ కదలికలోనూ ఉంది.

కాబట్టి ఫోనును చేత్తో పట్టుకోకుండా స్టాండుకు బిగించి, కెమెరా తలం పుట తలానికి సమాంతరంగా ఉండేలా సరిచూసుకోండి. ఫ్లాష్ వాడకండి. ఒకే రకమైన తెల్లని ఎల్‌ఈడీ దీపాలు రెండు, పుస్తకానికి అటూ ఇటూ సుమారు 45 డిగ్రీల వాలుతో అమర్చి, కిటికీ తెరలు వేసి, గదిలోని పైదీపం ఆర్పండి. లేకపోతే పొద్దు ఎక్కేకొద్దీ పుట పుటకూ రంగు మారుతుంది. బటన్ నొక్కినప్పుడు ఫోను అదరకుండా బ్లూటూత్ రిమోట్ గానీ ఇయర్‌ఫోన్ బటన్ గానీ వాడండి. ఫోకస్, ఎక్స్‌పోజర్ రెండింటినీ మొదటి పుట దగ్గరే స్థిరపరచండి. పలుచని కాగితంలో వెనక పుట అక్షరాలు తొంగిచూస్తుంటే ఆ పుట కింద నల్లని కాగితం ఒకటి పెట్టండి, చాలావరకు మాయమవుతాయి.

పుస్తకం పూర్తిగా తెరుచుకోకపోతే 'వి' ఆకారపు ఊయల అవసరమవుతుంది. సుమారు 100 డిగ్రీల కోణంలో బిగించిన రెండు ప్లైవుడ్ పలకల మధ్య పుస్తకం కూర్చుంటుంది. పైనుండి అదే కోణంలో అతికించిన గాజు పలకలు పుటలను మెల్లగా చదును చేస్తాయి. రెండువైపులా రెండు కెమెరాలు ఎదురెదురు పుటలను తీస్తాయి. డేనియల్ రీట్జ్ అనే ఆయన 2009లో ఇటువంటి యంత్రాన్ని ఇంట్లో తయారుచేసుకునే విధానాన్ని అంతర్జాలంలో పెట్టిన తర్వాత, ఎందరో దాన్ని తమ అవసరాలకు మార్చుకుని వాడుతున్నారు. మన ఊళ్లలో వడ్రంగికి బొమ్మ గీసి చూపితే చేసిపెడతారు. గాజు అంచులు నున్నగా సానపట్టించడం మరవకండి. పుటలకూ వేళ్లకూ రెండింటికీ అది అవసరం.

ఫారంలెక్క:

నేను ముద్రణ, బైండింగు పనిలో ఉన్నవాడిని కాబట్టి పుస్తక శరీరం గురించి రాస్తాను. స్కాన్ చేయబోయే ముందు ఆ పుస్తకం ఏ కుట్టుతో ఉందో గుర్తించాలి. ఫారాలు, అంటే అనేక పుటలు అచ్చైన పెద్ద కాగితాలు, మడిచి, వెన్ను దగ్గర దారంతో కుట్టిన పుస్తకం చక్కగా తెరుచుకుంటుంది. దాన్ని బలవంతపెట్టనక్కర లేదు. పక్కనుండి కుట్టిన పుస్తకంలో దారం పుట లోపలి అంచుకు అర అంగుళం దాకా జరిగి ఉంటుంది. దాన్ని చదునుగా పరచాలని చూస్తే కాగితం కుట్టు దగ్గర గీతగా చిరుగుతుంది. అటువంటివాటికి దీపస్తంభం గారు చెప్పిన ఊయలే సరైనది. తీగ పిన్నులు కొట్టిన చిన్న పుస్తకాల్లో ఆ పిన్నులు తుప్పు పట్టి చుట్టూ కాగితాన్ని తినేస్తుంటాయి. వాటి కాళ్లను పలుచని మొండి కత్తితో పైకి లేపి, నిటారుగా చేసి, వెనకనుండి తీసేయండి. లాగితే కాగితం ఊడివస్తుంది. స్కాన్ అయ్యాక అవే రంధ్రాల్లోంచి నూలు దారంతో కుట్టుకుంటే సరిపోతుంది.

కాగితం ఎందుకు పొడి అవుతోందో తెలిస్తే జాగ్రత్త పెరుగుతుంది. కొయ్యగుజ్జుతో చేసిన చౌక కాగితంలో లిగ్నిన్ మిగిలి ఉంటుంది. గాలి, వెలుతురు, తేమ తగిలినకొద్దీ అది పసుపెక్కి, ఆమ్లం పెరిగి, నారల బలం పోతుంది. అందువల్లనే 1920ల నాటి మంచి కాగితపు పుస్తకం గట్టిగా ఉండి, 1960ల నాటి న్యూస్‌ప్రింటు నవల పెళుసైపోవడం చూస్తుంటాం. పాతదే ముందు పోతుందని అనుకోకుండా, పెళుసుదనాన్ని బట్టి వరుస నిర్ణయించుకోండి. పుట మూలను చిన్నగా వంచి చూసినప్పుడు విరిగేలా ఉంటే, ఆ పుస్తకాన్ని ఒకే ఒక్కసారి తిప్పేలా అన్నీ సిద్ధం చేసుకుని కూర్చోవాలి.

మరొక విన్నపం. చిరిగిన పుటలకు పారదర్శకమైన ప్లాస్టిక్ టేపు ఎన్నడూ అంటించకండి. దాని జిగురు కొన్నేళ్లకు గోధుమరంగుకు తిరిగి అక్షరాల్లోకి దిగుతుంది, ఆ మరక ఇక పోదు. పలుచని టిష్యూ కాగితాన్ని మైదా జిగురుతో అంటిస్తే అవసరమైనప్పుడు తడిపి విప్పుకోవచ్చు. పుస్తకాలను విప్పే ముందు మెత్తని కుంచెతో దుమ్ము దులపండి. వెండిచేపలు, చెదలు పట్టిన పుస్తకాలను మిగిలినవాటితో కలపకుండా విడిగా ఉంచండి. దుమ్ము పడనివారు మాస్కు కట్టుకోవాలి.

శ్రమజీవి:

పెద్దలు చెప్పినదాన్ని గౌరవిస్తూనే వేరే అభిప్రాయం చెబుతాను. ఆరు వందల పుస్తకాలను ఒక్కొక్క పుట తిప్పుతూ ఫొటో తీయాలంటే ఉద్యోగాలు చేసుకునే కుటుంబానికి సాధ్యమా? జిగురు బైండింగుతో వచ్చిన 1970, 80ల నవలలను బైండింగు దుకాణంలో కటింగ్ యంత్రం మీద వెన్ను కోయించి, కాగితాలను తనంతట తానే లాక్కునే స్కానరులో పెడితే, రెండువైపులా కలిపి మూడు వందల పుటల పుస్తకం పావుగంటలో పూర్తవుతుంది. పుటలు నిటారుగా వస్తాయి, వెలుతురు సమస్య ఉండదు, గట్టు నీడ ఉండదు. వాటి జిగురు ఎలాగూ ఎండిపోయి పుటలు ఊడివస్తున్నాయి. చదవడానికి వీల్లేని పుస్తకాన్ని బీరువాలో దాచిపెట్టడం కంటే, దాన్ని కోసైనా చదివేవారికి అందించడం పుస్తకానికి చేసే న్యాయమని నా నమ్మకం. కోసిన పుటలను మళ్లీ బైండు చేయించుకోవచ్చు కదా.

ఫారంలెక్క:

శ్రమజీవి గారి వాదనలో బలం ఉంది, కానీ దానికి హద్దు గీయాలి. దారం కుట్టున్న పుస్తకపు వెన్ను కోస్తే ఫారాల మడతలు తెగిపోతాయి. ఆ తర్వాత దాన్ని పక్కకుట్టుతోనో జిగురుతోనో తప్ప పూర్వంలా కట్టడం సాధ్యం కాదు. ప్రతిసారీ లోపలి అంచు మరికొంత తగ్గుతుంది. పెళుసైన కాగితాన్ని ఆ స్కానరు రోలర్లు ముక్కలు చేస్తాయి. పైగా పాత పుస్తకాల్లో పుటల కొలతలు కొంచెం కొంచెం తేడాగా ఉండి యంత్రంలో ఇరుక్కుంటాయి. కనుక మరో ప్రతి సులభంగా దొరికే, జిగురు బైండింగు ఉన్న, కాగితం ఇంకా గట్టిగా ఉన్న పుస్తకాలకు మాత్రమే ఆ పద్ధతిని నేను ఒప్పుకుంటాను. పాతబీరువా గారు చెప్పిన పట్టికలో ఆ సంగతి ముందే నమోదై ఉంటుంది కాబట్టి నిర్ణయం తేలిక. తాతగారి సంతకమో, ఎవరైనా రచయిత స్వదస్తూరీతో ఇచ్చిన అంకితమో ఉన్న ప్రతిని మాత్రం ఎంత మామూలు పుస్తకమైనా కోయించకండి.

అక్షరశోధన:

తీసిన తర్వాతి పని గురించి. మూల ఫైలును బూడిదరంగులో 300 డీపీఐ వద్ద ఉంచుకోవడం కనీస ప్రమాణంగా పెట్టుకోండి. చిన్న అక్షరాల పాదసూచికలు, టీకాతాత్పర్యాలు ఉన్న పుస్తకాలకు 400, చిత్రపటాలకు 600 మేలు. ముఖచిత్రాలు, రంగుల బొమ్మలు, చేతిరాతలు ఉన్న పుటలు రంగుల్లోనే తీయాలి. నలుపు తెలుపులుగా మార్చడం చివరి దశలో, చదువుకునే ప్రతికి మాత్రమే చేయాలి. మూలఫైలుకు ఎన్నడూ చేయకూడదు.

పుటలను సరిదిద్దడానికి స్కాన్‌టైలర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. రెండు పుటల బొమ్మను విడగొట్టడం, వంకర తీయడం, అచ్చు ఉన్న భాగాన్ని గుర్తించడం, అంచులు సమానం చేయడం అనే పనులను వరుసగా చేస్తుంది. వాటిని అది తనంతట తాను చేసినా, ప్రతి పుటనూ కంటితో చూడాలి. పుట అడుగున ఉండే ఫారం సంఖ్యలను, అంచున ఉండే పద్యసంఖ్యలను మరకలనుకుని తీసేస్తుంటుంది. ఖాళీ పుటలను వదలకండి. వదిలితే కుడి ఎడమలు తారుమారవుతాయి. చివరి ప్రకటనలు, ప్రచురణల జాబితా, ముఖ్యంగా తప్పొప్పుల పట్టిక తప్పక ఉండాలి. పాత పుస్తకాల్లో రచయిత తానే దిద్దిన పాఠం ఆ పట్టికలోనే దొరుకుతుంది.

వెతకడానికి వీలుగా ఓసీఆర్ చేయాలి, అంటే బొమ్మలోని అక్షరాలను కంప్యూటరు చేత గుర్తింపజేసి పాఠంగా మార్చాలి. టెసరాక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కు తెలుగు శిక్షణ ఫైలు ఉంది. ఇంట్లోని కంప్యూటర్లోనే, అంతర్జాలంతో పని లేకుండా, పీడీఎఫ్ బొమ్మల వెనక వెతకదగిన పాఠం చేర్చవచ్చు. గూగుల్ డ్రైవ్‌లో బొమ్మను పెట్టి డాక్యుమెంటుగా తెరిస్తే వచ్చే పాఠం, నా అనుభవంలో, పాత అచ్చులకు ఇంకొంత మెరుగ్గా ఉంటుంది. ఈమధ్య ముద్రణలకు రెండూ బాగా పనిచేస్తాయి. సీసపు అక్షరాల కాలపు పుస్తకాల్లో మాత్రం 'మ'ను 'వు'గా, 'ప'ను 'వ'గా పొరబడడం, కింది వత్తులను పై వరుసలో కలపడం, అరసున్నను వదిలేయడం సర్వసాధారణం. వలపలగిలకతో (హల్లుకు ముందున్న 'ర్'ను దాని కుడిపక్కన చూపే పాత గుర్తుతో) అచ్చయిన మాటలనైతే ఊహకందని రీతిలో మారుస్తుంది. కాబట్టి ఓసీఆర్ పాఠం వెతుకులాటకు మాత్రమే. ఉల్లేఖించేటప్పుడు బొమ్మనే ప్రమాణంగా తీసుకోవాలి.

కాపీహక్కు తీరిన పుస్తకాలైతే తెలుగు వికీసోర్స్‌లో చేర్చడం ఉత్తమమార్గం. అక్కడ బొమ్మ ఒకపక్క, పాఠం ఒకపక్క కనిపిస్తుంటే సభ్యులు దిద్దుతారు. దిద్దని పుట ఎరుపుగా, ఒకరు దిద్దినది పసుపుగా, రెండోవారు సరిచూసినది ఆకుపచ్చగా కనిపిస్తుంది. ఒకరి పనిని మరొకరు చూసే ఈ పద్ధతి వల్ల అక్కడి పాఠం నమ్మదగినదిగా తయారవుతోంది.

శ్రవణమాల:

ఈ చర్చ చదువుతుంటే ఒక మాట చెప్పాలనిపించింది. మా అమ్మగారికి చూపు బాగా మందగించింది. జీవితమంతా నవలలు చదువుకున్న మనిషి ఇప్పుడు పుస్తకం పట్టుకోలేకపోతున్నారు. బొమ్మల పీడీఎఫ్ ఎంత పెద్దదిగా చేసినా వాక్యం తెరమీద పట్టదు. అటూ ఇటూ జరుపుకుంటూ చదవడం ఆమె వల్ల కావడం లేదు. పాఠం రూపంలో ఉంటే అక్షరాలను కావలసినంత పెద్దవి చేసుకోవచ్చు, లేదా ఫోనే చదివి వినిపిస్తుంది. పుస్తకాలను డిజిటైజ్ చేసేవారు కనీసం కొన్నింటినైనా దిద్దిన పాఠంగా మార్చమని వేడుకుంటున్నాను. ఇంట్లో మా అమ్మగారి కోసం అలా తయారుచేసుకోవడానికి చట్టపరంగా అడ్డంకి ఉందా?

న్యాయమార్గం:

శ్రవణమాల గారి ప్రశ్నతోనే మొదలుపెడతాను. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ మినహాయింపులను చెబుతుంది. 2012 సవరణతో అందులో చేరిన నిబంధన ప్రకారం, అచ్చు పుస్తకాన్ని మామూలుగా చదవలేని వైకల్యం ఉన్నవారి కోసం వారికి అనువైన రూపంలో ప్రతిని తయారుచేయవచ్చు, లాభాపేక్ష ఉండకూడదు. కాబట్టి మీ అమ్మగారి కోసం నిశ్చింతగా చేసుకోండి. ఇటువంటి పాఠకుల కోసమే 2016లో సుగమ్య పుస్తకాలయ అనే అంతర్జాల గ్రంథాలయం మన దేశంలో మొదలైంది. అందులో సభ్యత్వం గురించి కనుక్కోండి.

ఇక కృష్ణాతీరం గారి విషయం. వ్యక్తిగత వినియోగానికీ పరిశోధనకూ సముచితంగా వాడుకోవడాన్ని అదే సెక్షన్ అనుమతిస్తుంది. మీ సొంత పుస్తకాన్ని మీరు చదువుకోవడానికి స్కాన్ చేసుకోవడం వేరు, దాన్ని అంతర్జాలంలో అందరికీ పెట్టడం వేరు. రెండోదానికి కాపీహక్కు కాలం తీరి ఉండాలి, లేదా హక్కుదారు అనుమతి ఉండాలి.

రచయిత మరణించిన సంవత్సరం తర్వాతి జనవరి 1 నుండి లెక్కించి 60 ఏళ్లపాటు హక్కు ఉంటుంది. సురవరం ప్రతాపరెడ్డి గారు 1953లో మరణించారు కాబట్టి వారి జీవితకాలంలో అచ్చయిన రచనలు 2014 జనవరి 1 నుండి అందరివీ అయ్యాయి. విశ్వనాథ సత్యనారాయణ గారు 1976లో మరణించారు. వారి రచనలపై హక్కు 2036 చివరివరకు ఉంటుంది. ఇద్దరు కలిసి రాసినదైతే చివర మరణించినవారిని బట్టి లెక్కించాలి. రచయిత పేరు తెలియకుండా వచ్చినదానికీ, ప్రభుత్వ ప్రచురణకూ ప్రచురించిన తర్వాతి సంవత్సరం నుండి 60 ఏళ్లు.

ఇక్కడ చాలామంది గమనించనిది ఒకటి ఉంది: ఒకే పుస్తకంలో అనేక హక్కులు ఉంటాయి. మూలపద్యం శతాబ్దాల నాటిదైనా, దానికి రాసిన వ్యాఖ్యానం మీద వ్యాఖ్యాతకు హక్కు ఉంటుంది. అనువాదం మీద అనువాదకుడికి, పీఠిక మీద పీఠికాకర్తకు, ముఖచిత్రం మీద చిత్రకారుడికి వేర్వేరుగా ఉంటాయి. బాపు గారు 2014లో మరణించారు. పాత రచయిత పుస్తకానికైనా వారి ముఖచిత్రం ఉంటే ఆ బొమ్మ విషయంలో 2074 చివరివరకు జాగ్రత్త వహించాలి. మీ పట్టికలో రచయిత మరణించిన సంవత్సరానికి ఒక గడి, ఇతర హక్కుదారులకు ఒక గడి చేర్చుకోండి. హక్కు ఉన్న రచయితల వారసులను అడగడానికి సంకోచించనక్కర లేదు. మార్కెట్లో దొరకని పుస్తకం మళ్లీ పాఠకులకు చేరుతుందంటే సంతోషించి రాతపూర్వకంగా అనుమతి ఇచ్చిన కుటుంబాలు నాకు తెలుసు. నోటిమాటతో సరిపెట్టుకోవద్దు.

డల్లాస్‌వాసి:

నిల్వ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను రాస్తున్నాను. డెమీ పుట 300 డీపీఐ బూడిదరంగులో కుదింపు లేకుండా సుమారు 4.2 మెగాబైట్లు. మూడు వందల పుటల పుస్తకం ఒకటింపావు గిగాబైట్లు. ఆరు వందల పుస్తకాలకు 750 గిగాబైట్లు. పూర్తిగా రంగుల్లో తీస్తే దానికి మూడింతలు. అంటే రెండు మూడు టెరాబైట్ల హార్డ్‌డిస్కుతో ఇల్లంతటి గ్రంథాలయం ఇమిడిపోతుంది. కాని అటువంటివి రెండు ఉండాలి, మూడో ప్రతి వేరే ఊళ్లో ఉండాలి. మా కుటుంబంలో ఒక డిస్కు గుంటూరులో, ఒకటి ఇక్కడ ఉన్నాయి. చదువుకునే చిన్న పీడీఎఫ్‌లు క్లౌడ్‌లో ఉన్నాయి. 2000 ఆగస్టు వరదల్లో హైదరాబాదు బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకి నీరు చేరి అరుదైన పుస్తకాలు ఎన్నో తడిసిపోయిన సంగతి తెలిసినవారికి, అన్నీ ఒకేచోట ఉంచడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర లేదు. డిస్కులను ఏడాదికొకసారి తెరిచి ఫైళ్లు చెక్కుచెదరకుండా ఉన్నాయో లేదో సరిచూడండి, అయిదారేళ్లకు కొత్తవాటిలోకి మార్చండి. సీడీలు, డీవీడీలను నమ్ముకోవద్దు. ఫైలు పేరులో పట్టికలోని వరుససంఖ్య తప్పక ఉండాలి. అప్పుడే పుస్తకానికీ ఫైలుకూ లంకె తెగదు.

కృష్ణాతీరం:

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. పట్టిక పని మొదలైంది, పెళుసైన చిన్న పుస్తకాలను వేరుచేస్తున్నాము. అక్కడే ఒక చిక్కు వచ్చింది. కొన్నింటికి ముఖపత్రం పూర్తిగా ఊడిపోయింది, కొన్నింటిపై సంవత్సరం అంకెల్లో లేక 'రక్తాక్షి' వంటి పేరు మాత్రమే ఉంది. అటువంటివాటి కాలాన్ని ఎలా నమోదు చేయాలి?

పాతబీరువా:

మంచి ప్రశ్న. సంవత్సరనామం 60 ఏళ్లకొకసారి తిరిగివస్తుంది. రక్తాక్షి 1924 ఉగాది నుండి 1925 ఉగాదికి ముందువరకు నడిచింది. అంతకుముందు 1864లో, తర్వాత 1984లో వచ్చింది. కాగితాన్నీ అచ్చునూ చూస్తే ఈ మూడింటిలో ఏదో సందేహం లేకుండా తెలుస్తుంది. నెల తెలియకపోతే పట్టికలో '1924–25' అని రెండూ రాయండి.

ముఖపత్రం లేనివాటికి వెనక అట్ట, చివరి ప్రకటనలు ఆధారం. వెల '1–8–0' అని మూడంకెలుగా ఉంటే రూపాయి ఎనిమిదణాలు అన్నమాట. దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చాయి కాబట్టి ఆ పుస్తకం దాదాపుగా అంతకుముందుది. 'న.పై.' అని నయాపైసల్లో ఉంటే 1957కూ 1964కూ నడిమిది అనుకోవచ్చు, ఎందుకంటే 1964లో 'నయా' తీసేశారు. అణాలూ నయాపైసలూ పక్కపక్కన రెండూ ఉంటే మార్పు జరుగుతున్న ఆ కొద్ది సంవత్సరాలదే. చిరునామాలో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు తర్వాతది. 'విజయవాడ-2' వంటి ఒంటి అంకె మాత్రమే ఉంటే చాలావరకు అంతకుముందుది. 'ఆంధ్రప్రదేశ్' అనే రాష్ట్రనామం కనిపిస్తే 1956 నవంబరు 1 ప్రాంతానికి ముందుది కాదు. ప్రచురణకర్త తన జాబితాలో పేర్కొన్న ఇతర పుస్తకాల్లో తేదీ తెలిసినవాటిని చూస్తే మరికొంత దగ్గరికి రావచ్చు.

ఇలా అంచనా వేసిన సంవత్సరాన్ని చదరపు కుండలీకరణాల్లో ఉంచి, పక్క గడిలో ఏ ఆధారంతో నిర్ణయించారో ఒక వాక్యం రాయండి. ఆధారమైన ఆ పుటను, అది చిరుగుపట్టిన వెనక అట్టే అయినా సరే, రంగుల్లో 600 డీపీఐ వద్ద తీసి అదే ఫైలులో చేర్చండి. పూర్తిప్రతి ఇంకెవరి దగ్గరైనా బయటపడితే పోల్చిచూడడానికి అది పనికొస్తుంది. వేటపాలెం సారస్వత నికేతనం వంటి పాత గ్రంథాలయాల జాబితాల్లో మీ పుస్తకాల పేర్లు ఉన్నాయేమో కూడా చూడండి. పేరు కూడా తెలియని పుస్తకాలు ఉంటే మొదటి పుటలోని తొలి పంక్తిని ఇక్కడ పెట్టండి. సభ్యుల్లో ఎవరో ఒకరు గుర్తుపట్టగలరు.